రొయ్యల చెరువు గట్టున ఇంటెల్ ఏఎక్స్200: లినక్స్‌లో చాలాకాలం వాడాక

తోటపల్లిగూడూరు వైపు చెరువుల్లో నీటి ఉష్ణోగ్రత చెప్పే బీఎల్‌ఈ (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్) సెన్సర్లను ఈ వైఫై, బ్లూటూత్ కార్డున్న మినీ పీసీతోనే చదువుతున్నాం. దీన్నే కొనమనడానికి కారణం ఒకటే: మనకు కావాల్సిన సంకేతాల వడపోత చిప్‌లోనే జరుగుతుంది. చుట్టుపక్కల ఫోన్లు, ఇయర్‌బడ్స్ వదిలే సంకేతాలు సీపీయూ దాకా రావు. ఇన్వర్టర్ మీద నడిచే పెట్టెకు ఇది పెద్ద మేలు. 0ఏ12:0001 యూఎస్‌బీ ఐడీతో దొరికే చవక బ్లూటూత్ డాంగిల్ అయితే అన్నీ పైకి పంపేస్తుంది, లినక్స్‌లో బ్లూటూత్ చూసుకునే సాఫ్ట్‌వేర్ బ్లూజెడ్ ఏరుకోవాల్సిందే.

అట్టపెట్టె మీద బ్లూటూత్ 5.0 అనో 5.2 అనో ఉంటే ఈ సౌకర్యం ఉన్నట్టు కాదు. ఇది మైక్రోసాఫ్ట్ నిర్వచించిన అదనపు ఆదేశాల గుంపు. దానికి ఏ ఆప్‌కోడ్ (ఆదేశం నంబరు) వాడాలో చిప్‌ను అడిగి తెలుసుకునే దారి లేదు, డ్రైవర్‌కే ముందుగా తెలిసుండాలి. లినక్స్‌లో ఇంటెల్‌కు ఎఫ్‌సీ1ఈ, రియల్‌టెక్‌కు ఎఫ్‌సీఎఫ్0, క్వాల్‌కామ్‌కు ఎఫ్‌డీ70. ఒకరి నంబరు ఇంకొకరి చిప్‌కు పంపకండి; అక్కడ దానికి వేరే పని ఉండొచ్చు.

చిప్‌లో ఈ సౌకర్యం ఉందో లేదో పరీక్షించే ముందు, బ్లూటూత్ ఆదేశాలను చూపించే బీటీమాన్ నడిపి, ఆ తర్వాతే బ్లూటూత్ ఆపి మళ్లీ ఆన్ చేయాలి. ఏ ఫీచర్లున్నాయని చిప్‌ను డ్రైవర్ అడిగేది ఆన్ అయ్యేటప్పుడే. ఇంటెల్ ఎఫ్‌సీ1ఈ అక్కడ 3ఎఫ్, 001ఈ అని రెండు ముక్కలుగా కనిపిస్తుంది, ఆ ఆదేశం వెతకండి. స్టేటస్ 00 వస్తే వెంట 8 బైట్ల ఫీచర్లు ఉంటాయి. సున్నా నుంచి లెక్కిస్తే 3వ బిట్ ప్రకటనల (పరికరాలు చుట్టూ వదిలే బీఎల్‌ఈ సంకేతాల) వడపోతది, 2వది సిగ్నల్ బలాన్ని బట్టి గమనించేది. స్టేటస్ 01 అంటే చిప్‌కు ఆ ఆదేశమే తెలియదు. అసలు ఆదేశమే కనిపించకపోతే చిప్‌ను తప్పుపట్టకండి. /బూట్‌లోని కెర్నెల్ కాన్ఫిగ్ ఫైల్లో బీటీ_ఎంఎస్ఎఫ్‌టీఈఎక్స్‌టీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. సొంతంగా కెర్నెల్ కట్టుకునేవాళ్లు దీన్ని వదిలేసే అవకాశం ఉంది.

ఇంత లోతు అక్కర్లేదనుకుంటే బ్లూటూత్‌సీటీఎల్‌లో మానిటర్ మెనూకు వెళ్లి గెట్-సపోర్టెడ్-ఇన్ఫో కొట్టండి. కంట్రోలర్-ప్యాటర్న్స్ అని వస్తే ఆ వడపోత చిప్ చేయగలదన్నట్టు. ఆర్_ప్యాటర్న్స్ మాత్రమే వస్తే సాఫ్ట్‌వేరే మోస్తోంది.

ఐబీటీ-20-1-3.ఎస్‌ఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ ఫైలు లేకపోతే ఇవేవీ సాగవు, ముందు డీమెస్జ్‌తో కెర్నెల్ లాగ్ చదవండి. స్కాన్ ఆన్ చేసి మరిచిపోయినా సంకేతాల వరద మళ్లీ మొదలవుతుంది. ఇక సెన్సర్ యాంటెనా నీళ్లపైనే ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నీటిలో మునిగితే, అందులోనూ ఉప్పునీటిలో, గట్టుదాకా రాదు.