తిరగబడ్డ స్ప్రింగు: మూడు తరాల ఎక్స్‌టీ డిరైలర్లతో నా అనుభవం

పాత మౌంటెన్ సైకిళ్ల వెనుక డిరైలర్ల (గేరు మార్చేందుకు చైనును ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే యంత్రాల) మాట వస్తే అందరూ గేర్ల సంఖ్యా, బరువూ అడుగుతారు. ఒకే ఉక్కు ఫ్రేముకు షిమానో కంపెనీ డియోర్ ఎక్స్‌టీ డిరైలర్లను మూడు తరాలవి ఒకదాని తర్వాత ఒకటి తగిలించి పదిహేనేళ్లకు పైగా తొక్కాను. ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. డిరైలర్‌ను లాగే కేబుల్ తెగిపోతే దాని లోపలి స్ప్రింగు చైనును ఎటు లాగేస్తుంది, చిన్న చక్రం మీదికా, పెద్ద చక్రం మీదికా? తెనాలిలో మా నాన్నగారి సైకిలుకు గేర్లే లేవు కనుక ఆయనకు ఈ చింత లేదు.

సైకిలును 2009లో ఇక్కడ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే 80 డాలర్లకు కొన్నాను. 1990 ప్రాంతం నాటిది. వెనుక ఎం735 మోడల్ డిరైలర్, పళ్ల చక్రాలు ఏడు, హ్యాండిల్ మీద బొటనవేలితో తిప్పే పిడులు. పిడిని తిప్పినప్పుడల్లా తాళం పడ్డట్టు టక్కుమనేది. చాలాకాలం దీన్ని మించింది లేదని కనిపించినవాడికల్లా చెప్పుకున్నాను. ఆ మాటను ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, పావర్టీ ఫ్లాట్ అనే చోట జరిగిన సంగతి చెప్పాక కొంచెం తగ్గించుకుంటాను.

హెన్రీ కో స్టేట్ పార్కులో ఉన్న చిక్కేమిటంటే, మిగతా కొండలకు తలకిందులుగా ఉంటుంది. కారు ఆపే కార్యాలయం కొండ మీద ఉంటుంది. ముందు హాయిగా దిగుతాం, ఒళ్లు అలిసిపోయాక ఎక్కుతాం. అడుగున వాగు ఒడ్డున పావర్టీ ఫ్లాట్ ఉంది, పేరులోనే దరిద్రం. 2013 వేసవిలో వాగు దాటి, ఎక్కడానికని తేలిక గేరు కోసం పిడి తిప్పాను. వేలి కింద ఏదో తెగినట్టయింది. చైను గలగలా జారుకుంటూ వెళ్లి అన్నిటికన్నా చిన్న చక్రం మీద కూర్చుంది. కేబుల్ పిడి దగ్గరే తెగిపోయింది. తప్పు పూర్తిగా నాది. కొన్న నాటి నుంచి ఆ కేబుల్ మార్చలేదు, అంతకుముందున్న యజమాని మార్చాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

ఎం735లో స్ప్రింగు చిన్న చక్రం వైపు లాగుతుంది. ఆ కాలపు డిరైలర్లు దాదాపు అన్నీ అంతే. చిన్న చక్రం అంటే బరువైన గేరు. ముందు వైపు అన్నిటికన్నా చిన్న చక్రానికి మార్చినా ఆ ఏటవాలు మీద పెడలు సగం కూడా తిరగలేదు. కార్యాలయం వెయ్యి అడుగులకు పైగా ఎత్తున ఉంది, ఫోనుకు సిగ్నల్ లేదు, సీసాలో మూడో వంతు నీళ్లు ఉన్నాయి.

జేబులో చాకు ఉంది. దాని మొనతో డిరైలర్ వెనకాల ఉండే రెండు చిన్న స్క్రూలలో చిన్న చక్రం వైపు హద్దు పెట్టే దాన్ని తిరిగినంత వరకూ బిగించాను. చైను ఒక చక్రం పైకి వచ్చింది. అంతే, స్క్రూ అయిపోయింది. అప్పుడు కూర్చుని ఆ యంత్రాన్ని మొదటిసారి సరిగ్గా చూశాను. రెండు పలకలు, నాలుగు కీళ్లు, బడిలో గీసిన సమాంతర చతుర్భుజమే. వేలితో లోపలికి నెడితే ఒరిగి చైనును పెద్ద చక్రం మీదికి తెస్తుంది, వేలు తీస్తే మళ్లీ బయటికి వచ్చేస్తుంది. వేలికి బదులు ఏదో ఒకటి అక్కడ ఉంటే చాలు కదా. పక్కన ఓక్ చెట్టు కింద పడి ఉన్న ఎండు పుల్ల విరిచి పలకల మధ్య దూర్చాను. యాభై గజాలు వెళ్లానో లేదో అది నుజ్జయింది. ఈసారి పచ్చి పుల్లను, చిటికెన వేలంత లావుది, చాకుతో ఒక వైపు చెక్కి దూర్చాను. చైను నాలుగో చక్రం మీద నిలిచింది. పైకి చేరడానికి రెండు గంటలు పట్టింది. అందులో సగానికి పైగా నడకే. ఇంటికి వచ్చాక కూడా పుల్ల అక్కడే ఉంది. మా ఆవిడ చూసి, "సైకిలుకు పళ్లు తోమించారా?" అంది.

దాని తర్వాత తొమ్మిది గేర్లకు మారాను. టైరు ఉండే పాత వెనుక చక్రానికి తొమ్మిది పళ్ల చక్రాలు పట్టవు కనుక దాన్ని కూడా మార్చాల్సి వచ్చింది. ఇక్కడ తెలియక చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. నేను డిరైలర్ మార్చకుండా ఆ ఎం735నే తొమ్మిది గేర్ల షిఫ్టర్‌కు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీటకు) కలిపి రెండేళ్లు తొక్కాను, ఒక్క గేరు కూడా తడబడలేదు. గేర్ల లెక్క షిఫ్టర్‌లో ఉంటుంది. అది ఎంత కేబుల్ లాగితే డిరైలర్ దానికి తగినంత జరుగుతుంది, అంతకుమించి దానికేమీ తెలియదు. ఏడింటిలో చక్రాల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు, తొమ్మిదింటిలో సుమారు 4.35. ఆ తేడాను షిఫ్టరే చూసుకుంటుంది. షిమానో మౌంటెన్ డిరైలర్లలో ఏడు, ఎనిమిది, తొమ్మిది గేర్ల వరకూ ఈ పొత్తు కుదురుతుంది. 2010లో వచ్చిన షిమానో పది గేర్ల పద్ధతి డైనా-సిస్‌తో, ఎంత కేబుల్‌కు ఎంత జరగాలనే ఆ నిష్పత్తే మారిపోయింది, దాన్ని ఇటు కలపాలని చూడకండి.

తర్వాత 1999 తరం ఎం750 వేశాను. నిజం చెప్పాలంటే నా బొటనవేలికి ఎం735కూ దీనికీ తేడా తెలియలేదు. 34 పళ్ల చక్రం దాకా అందుతుంది, చూడటానికి నాజూకుగా ఉంటుంది. ఒక రాయిని నేను గుద్దినప్పుడు వంగిపోయింది. దాని కథ అక్కడితో సరి.

దాని స్థానంలోకి వచ్చిందే 2004 తరం ఎం760. పాతది, చవగ్గా దొరికింది. ఎవరూ కొనరు కనుక చవక. దీనిలో స్ప్రింగు తిరగబడి ఉంటుంది, చైనును పెద్ద చక్రం వైపు లాగుతుంది. షిమానో దానికి ర్యాపిడ్ రైజ్ అని పేరు పెట్టింది. పెద్ద చక్రం మీదికి చైనును బొటనవేలి బలంతో తోయకుండా స్ప్రింగుకు వదిలేస్తే, పళ్ల మీద చెక్కిన మెట్లు ఎదురైనప్పుడు అదే మెత్తగా ఎక్కుతుందని వారి వాదన. పైగా బొటనవేలి మీట నొక్కితే ముందూ వెనుకా రెండూ బరువైన గేరుకే వెళతాయి, కాబట్టి రెండు చేతులకూ ఒకటే లెక్క. వాదన బాగానే ఉంది, జనం వినలేదు. కొన్నేళ్లకు కంపెనీ కూడా దాన్ని వదిలేసింది.

మొదటి నెల నేనూ తిట్టుకున్నాను. పాత అలవాటు కొద్దీ ఏటవాలు రాగానే బొటనవేలు నొక్కేవాణ్ని, గేరు బరువెక్కేది, ఆగిపోయి పక్కకు ఒరిగేవాణ్ని. మా ఇంటి దగ్గరి కొండ మిషన్ పీక్ మీద మేసే ఆవులు ఈ విన్యాసం చాలాసార్లు చూశాయి.

2021లో, అదే కొండ మీద, అసలు సంగతి తెలిసింది. పీక్ ఎత్తు 2,517 అడుగులు, మట్టిరోడ్డు మొదటి నుంచీ నిట్టనిలువే. నేను ఎప్పటిలాగే పెద్ద చక్రం మీద, తల దించుకుని, రొప్పుతూ తొక్కుతున్నాను. పైన చదునుకు వచ్చి గేరు మారుద్దామని నొక్కితే మీట వదులుగా ఊగింది. మళ్లీ నొక్కాను, ఏమీ లేదు. దిగి చూస్తే షిఫ్టర్ లోపల కేబుల్ తెగి, పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. ఎప్పుడు తెగిందో నాకు తెలియదు! చైను అప్పటికే ఉండవలసిన చోట ఉంది, స్ప్రింగు దాన్ని అక్కడే పట్టుకుంది. నేను ఎక్కుతూనే ఉన్నాను. పావర్టీ ఫ్లాట్‌లో పుల్ల చెక్కుకున్న చేతులతో ఆ డిరైలర్‌ను నిమిరాను, సిగ్గేమీ లేదు.

దిగడానికి పెడలు అక్కర్లేదు. కొండ దిగాక ఇంటికి రెండు మైళ్ల చదును రోడ్డు. తేలిక గేరులో కాళ్లు గిరగిరా తిరుగుతున్నాయి, సైకిలు మాత్రం కదలనంటుంది. కాలితో తోసుకునే స్కూటరు మీద ఒక పదేళ్ల పిల్లవాడు నన్ను దాటి వెళ్లి, వెనక్కి తిరిగి చూశాడు. షిఫ్టర్‌లో ఇరుక్కున్న కేబుల్ తలను పిన్నీసుతో పీకడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

అందరికీ ఇదే కొనమని చెప్పలేను. నా ఇల్లు కొండ కింద ఉంది, తొక్కేదంతా ఎక్కడమే. చదును నేల మీద ఇరవై మైళ్లు తిరిగేవాళ్లకు కేబుల్ తెగితే చిన్న చక్రమే నయం. వానలకు కేబుల్ గొట్టంలోకి బురద చేరినప్పుడు దీని స్ప్రింగు బద్ధకిస్తుంది, అదీ సరిగ్గా తేలిక గేరు కావలసినప్పుడే. పాతవాటిలో ఆ బద్ధకం దిగేటప్పుడు కనబడుతుంది, ఎవరికీ పట్టదు. గట్టిగా తొక్కుతూ గేరు మారిస్తే ఎక్కదు, పెడలు మీద అర చుట్టు బరువు తగ్గించాలి. నా మోకాళ్ల వయసుకు అది మంచిదే, కుర్రవాళ్లకు నచ్చకపోవచ్చు.

ఎం735 ఇప్పుడు మా అమ్మాయి సైకిలు మీద ఉంది. నా తిరగబడ్డ గేర్లు తనకు వద్దంది. రెండు సైకిళ్లకూ ఏటా ఉగాదికి కేబుళ్లు మారుస్తున్నాను. తన సంచిలో మాత్రం ఒక పుల్ల కూడా పెట్టి ఉంచాను, ఓక్‌దే.