కబడ్డీ కోర్టు పక్కన కెనాన్ 70-200: ఏళ్ల తరబడి వాడాక

సంక్రాంతికి ఊళ్లలో పెట్టే కబడ్డీ పోటీల్లో ఫొటోలు తీసేవాళ్లకి అసలు తలనొప్పి ఫ్లెక్సీలు. ఏ పక్క చూసినా నాయకుల నిలువెత్తు ముఖాలు, షామియానా గుంజలు, ప్లాస్టిక్ కుర్చీలు. రైడర్ ఎంత బాగా ఎగిరినా ఆ రంగుల్లో కలిసిపోతాడు. ఆ గోలలోంచి ఆటగాణ్ణి విడదీసి చూపించాలనే కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 ఐఎస్ రెండో వెర్షన్ కొన్నాను. 2010లో వచ్చిన, 70 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా జూమ్ అయ్యే లెన్సు; ఐఎస్ అంటే చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజర్. ఇప్పటికీ గ్రౌండులో నా చేతిలో ఉండేది ఇదే.

ఎఫ్ 2.8, అంటే లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచి పెడితే చాలు, వెనకదంతా దానంతటదే కరిగిపోతుందనుకోకండి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకి తగిలించి 200 దగ్గర తీస్తే, 10 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి షార్ప్‌గా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లు. అదే 20 మీటర్లయితే ఒకటిన్నర మీటరు దాటుతుంది. కాబట్టి ఎంత దగ్గరగా కూర్చుంటే అంత మంచిది.

ఎక్కడ కూర్చుంటామన్నది ఇంకా ముఖ్యం. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పక్క గీత దగ్గర కూర్చుంటే రైడర్ వీపుకి ఆనుకునే జనం కనిపిస్తారు. నేను ఎండ్ లైన్ వెనక మూలకి చేరతాను. కూత పెట్టి వచ్చేవాడి ముఖం నావైపే ఉంటుంది, వాడి వెనక సగం కోర్టు, ఆరున్నర మీటర్ల జాగా. ఆ తర్వాతే ఫ్లెక్సీ. అంత దూరం జరిగాక అక్షరాలు చెదిరి మెత్తటి రంగులుగా మిగులుతాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఇంకో లాభం, డిఫెండర్ల మీదుగా దూకినప్పుడు రైడర్ తల ఆకాశంలోకి వెళ్తుంది.

బోనస్ పాయింటు కోసం ఒక కాలు బోనస్ గీత దాటించి, వెనక కాలు గాల్లో ఉంచే ఆ అర క్షణాన్ని ఈ లెన్సు పట్టే తీరు నాకు ఎప్పటికీ ఇష్టం. సాయంత్రం ఎండ వెనక నుంచి పడుతుంటే చీలమండ పట్టుకున్న వేళ్లు, కాలి కింద లేచిన ఎర్రమట్టి విడివిడిగా మెరుస్తాయి. షట్టర్ వేగాన్ని సెకనులో 1/1000 వంతు కంటే నెమ్మదించనివ్వను. ఫోకస్ లిమిటర్‌ని 2.5 మీటర్ల నుంచి అనంతానికి పెడితే లెన్సు అనవసరంగా దగ్గరకి వెతుక్కోదు.

సైకిల్ పందేల్లో మాత్రం లెక్క మారుతుంది. జనం రోడ్డుకి ఆనుకుని నిలబడతారు కాబట్టి 2.8 అక్కరకు రాదు. స్టెబిలైజర్‌ని మోడ్ 2లో (కెమెరాని పక్కకి తిప్పుతూ తీసేటప్పుడు వాడేది) పెట్టి, షట్టర్ 1/60కి దించి, సైకిల్‌తోపాటు లెన్సు తిప్పుతాను. ఎండలో అందుకు లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 11, 16 దాకా మూయాల్సి వస్తుంది. అయినా జనం గీతలైపోయి మనిషి ఒక్కడే నిలుస్తాడు.

బరువు 1490 గ్రాములు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా పూట గడవదు. క్రికెట్‌కి 200 చాలదు. 1.4 ఎక్స్‌టెండర్ (లెన్సుకీ కెమెరాకీ మధ్య తగిలించి దూరాన్ని పెంచే గ్లాసు) వేస్తే 280 వస్తుంది కానీ వెలుతురు తగ్గి ఎఫ్ 4కి పడిపోతుంది. కెనాన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కోసం 2019లో వచ్చిన ఆర్ఎఫ్ 70-200 ఎఫ్ 2.8 బరువు 1070 గ్రాములే, చేతికి హాయి. దానికి ఎక్స్‌టెండర్లు పట్టవు కాబట్టే నేను మారలేదు. ఈ పాతది అడాప్టర్‌తో ఆ కొత్త కెమెరాల మీద కూడా చక్కగా పనిచేస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు జూమ్ రింగు తిప్పి ఇసుక గరగరలాడుతోందేమో చూడండి. 200 దగ్గర, ఎఫ్ 2.8లో, మీవైపు పరిగెత్తే మనిషిని వరసగా తీసి, ఫొటోల్ని కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాకే డబ్బులివ్వండి.