నీడలో ఫెర్న్ మేలా, ఆస్పిడిస్ట్రా మేలా?

ఎండ పడని చోట ఏళ్ల తరబడి నిలిచే మొక్క ఏదని అడిగేవారంతా నాకు వెలుతురు సంగతే వివరిస్తారు. ఉదయం కాసేపు ఎండ వస్తుందని ఒకరు, రోజంతా మసకగానే ఉంటుందని మరొకరు. ఆ నీడ దేనిదో మాత్రం ఎవరూ చెప్పరు. గోడ నీడా, చెట్టు నీడా అన్నది తేలకుండా నేను ఏ మొక్క పేరూ చెప్పను.

గోడ వెలుతురును ఆపి ఊరుకుంటుంది. చెట్టు అలా ఊరుకోదు. చిన్నపాటి జల్లును కొమ్మల్లోనే పట్టేస్తుంది. ఆకులు దాటి కింద పడ్డ కాస్త నీటినీ సన్నని వేళ్లతో లాగేసుకుంటుంది. నీటిని పీల్చే ఆ వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అర మీటరు మట్టిలోనే అల్లుకుని ఉంటాయి, మనం కొత్త మొక్కను నాటేదీ అక్కడే. నీడను తట్టుకుంటుందని నర్సరీలో చెప్పి ఇచ్చిన మొక్క చెట్టు కింద ఎండిపోయిందంటే చాలాసార్లు అది దాహంతో పోయినట్టే. అనుమానం ఉంటే ఓ మోస్తరు వాన వెలిశాక చెట్టు కింద వేలు గుచ్చి చూడండి. వేలికి పొడి మన్ను అంటితే ఏ మొక్క కొనాలన్నది సగం తేలిపోయినట్టే. గోడ పక్కనైనా పైన చూరు బాగా ముందుకు వచ్చి ఉంటే ఇదే పరీక్ష చేయాలి.

తేమ నిలిచే గోడ నీడలో ఫెర్న్‌కు సాటి లేదు. లేత ఆకు చుట్ట విప్పుకుంటూ పైకి లేచే తీరు కోసమే దాన్ని పెంచేవారున్నారు, నేనూ వారిలో ఒకణ్ణి. అయితే తడి లేకపోతే దానికి గడవదు. పువ్వులు, గింజలు లేని మొక్క అది. గింజకు బదులు అది రాల్చే పొడిలాంటి కణం, అంటే సిద్ధబీజం, మొలిచి ఏర్పడే చిన్న పచ్చని రేకు మీద పురుషకణం నీటిపొరలో ఈదుకుంటూ వెళ్లి స్త్రీకణాన్ని చేరితే తప్ప కొత్త మొక్క పుట్టదు. తోటలో మనం దుబ్బు విడదీసి నాటుకుంటాం కాబట్టి ఆ అవసరం రాదు గానీ, ఆకులకు మాత్రం తడి తప్పదు. మట్టి తరచూ ఎండిపోతుంటే ఆకుల అంచులు కరకరలాడి రాలిపోతాయి.

ఇక్కడే ఇంకో మాట. ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు కనిపించగానే పురుగుమందు కొట్టేస్తుంటారు. చుక్కలు వరుస తప్పకుండా, సమాన దూరంలో ఉంటే అవి సిద్ధబీజాల గుంపులు, వాటి జోలికి పోవద్దు. ఎలా పడితే అలా చెదిరి ఉండి, గోటితో గీకితే ఊడివస్తుంటే అప్పుడు పొలుసు పురుగని అనుమానించాలి.

ఫెర్న్‌లలో నెఫ్రోలెపిస్ కార్డిఫోలియాకు కొంత ఓర్పు ఎక్కువ. నేలలో గోళీల్లాంటి దుంపలు పెట్టి వాటిలో నీళ్లు దాచుకుంటుంది. కానీ పాకడం మొదలుపెడితే ఆపడం కష్టం. అమెరికాలోని ఫ్లోరిడాలో దాన్ని సహజ వనాలను ఆక్రమించే మొక్కల జాబితాలో చేర్చారు.

చెట్టు నీడకైతే నా ఓటు ఆస్పిడిస్ట్రాకే. జపాన్ దక్షిణ దీవుల్లో, తైవాన్‌లో అడవి చెట్ల కింద పెరిగే వెడల్పాటి ఆకుల మొక్క ఇది. వేళ్ల పోటీ, పొడి నేల దానికి కొత్త కాదు. విక్టోరియా రాణి కాలంలో గ్యాసు దీపాలు వెలిగే మసక గదుల్లోనూ బతికి పేరు తెచ్చుకుంది. లోపాలు లేవనను. ఏడాదికి నాలుగైదు ఆకులు వేస్తే గొప్ప, అందుకే నర్సరీల్లో తక్కువగా దొరుకుతుంది, దొరికినా ఖరీదెక్కువ. పువ్వులు మట్టిని ఆనుకుని పూస్తాయి, వంగి వెతికితే గానీ కనిపించవు. నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడతాయి. నాటిన మొదటి ఏడాది దానికీ నీళ్లు పోయాల్సిందే. ఆ తర్వాత మీరు ఊరెళ్లినా అది పట్టించుకోదు. నీళ్ల పని ఎన్నేళ్లు ఓపిగ్గా చేయగలరో నిజాయితీగా లెక్కవేసుకుంటే ఈ నిదానాన్ని క్షమించేస్తారు.

పీస్ లిల్లీని పువ్వు కోసం అడుగుతారు. నీడ చిక్కబడేకొద్దీ ఆ తెల్లరేకులు తగ్గిపోతాయి. దాహం వేస్తే మొత్తంగా వాలిపోయి, నీళ్లు పోయగానే లేచి నిలబడే సుగుణం ఉంది గానీ, చెట్టు కింద రోజూ ఆ నాటకమే నడుస్తుంది. కుక్కలు, పిల్లులు ఆకులు కొరికితే నోరు మండుతుంది, ఫెర్న్, ఆస్పిడిస్ట్రాలతో ఆ బెడద లేదు. స్నేక్ ప్లాంట్ పొడి నీడలో చావదు, పెద్దగా పెరగదు కూడా. ఆకుల అందం కోసం నీడలో పెంచే హోస్టా అనే మొక్కకు చలికాలపు నిద్ర కావాలి, వెచ్చని ప్రాంతాలవారు దాన్ని మరిచిపోవడం మంచిది. చలి ప్రాంతాల్లో దానికి నత్తలతో పేచీ.

ఏది నాటినా చెట్టు మొదట్లో కొత్త మట్టి మందంగా పోయకండి, వేళ్లకు గాలి ఆడదు. లావు వేళ్లను నరకకుండా, వాటి సందుల్లో చిన్న పిలకలు నాటాలి.

ఇంత చెప్పినా చెట్టు కిందే ఫెర్న్ కావాలనేవారు దాన్ని కుండీలో పెంచి వేళ్ల మధ్య పెట్టుకోవచ్చు. కుండీ అడుగున రెండు మూడు ఇటుక ముక్కలు తప్పక పెట్టండి. నేలకు ఆనించి ఉంచితే చెట్టు వేళ్లు అడుగు రంధ్రాల గుండా లోపలికి వచ్చి, ఫెర్న్‌కు పోసిన నీళ్లను అక్కడా తాగేస్తాయి.