చిన్న బొంతలు ఎక్కడిస్తే మేలు? వృద్ధాశ్రమంలోనా, డయాలసిస్ సెంటర్‌లోనా?

కిందటి సంక్రాంతికి నేను పెట్టిన బొంతల ఫొటో చూసినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే. "కుట్టడం మాకూ వచ్చండీ, కుట్టాక ఎవరికివ్వాలి?" కొందరి ఇళ్లలో ఇప్పటికే పదీ పదిహేనూ పోగుపడ్డాయట. ఒకావిడ మంచం కింద ట్రంకుపెట్టె నిండిపోయిందనీ, ఇంట్లోవాళ్లు కొత్త దుకాణం ఎప్పుడు తెరుస్తున్నావని ఏడిపిస్తున్నారనీ రాసింది. విడివిడిగా జవాబులు రాయలేక, గత రెండేళ్లలో నేను తిరిగిన చోట్ల సంగతి ఒక్కసారే రాసేస్తున్నాను.

నేను చెప్పేది కప్పుకుని పడుకునే పెద్ద బొంత గురించి కాదు. కూర్చున్నవాళ్లు ఒళ్లో వేసుకుంటే మోకాళ్లు దాటి కిందకి వచ్చే చిన్న బొంత. చీర పద్దెనిమిది అడుగులు. మూడేసి అడుగులకి మడిస్తే ఆరు పొరలు. పన్నా ఎలాగూ మూడుముప్పావు అడుగులుంటుంది. చిరుగులున్న పొర ఒకటి తీసేసినా అయిదు మిగులుతాయి. అంటే ఒక పాత నేతచీరకి ఒక బొంత, బరువు ఇంచుమించు అరకిలో. ఫాల్ విప్పేయడం, జరీ అంచు కత్తిరించేయడం మీకు చెప్పక్కర్లేదు. సిల్కు, సింథటిక్ చీరలు మాత్రం వద్దు. ఒళ్లోంచి జారిపోతాయి.

ఎక్కడివ్వాలి అన్నప్పుడు చాలామంది ఎవరికి ఎక్కువ అవసరమో చూస్తారు. నేనూ మొదట అదే చూశాను. కానీ అవసరం లేని చోటంటూ నాకెక్కడా కనబడలేదు. తేడా వచ్చేదల్లా ఉతుకు దగ్గర. ఈ బొంతని ఎవరు ఉతుకుతారు? అరకిలో బొంత తడిస్తే కిలోన్నర. అయిదు పొరల్లోనూ నీళ్లు నిలుస్తాయి. ముసురు పట్టిందంటే ఆరడానికి రెండు రోజులు, అప్పటికీ మధ్యలో చెమ్మ వాసన. ఈ ప్రశ్నకి జవాబు లేని చోట మనం ఎంత ప్రేమగా కుట్టి ఇచ్చినా అది బీరువాలోకి పోతుంది.

బీరువా అని ఊరికే అనడం లేదు. వృద్ధాశ్రమం అందరికీ మొదట తట్టేదే, నాకూ అదే తట్టింది. రెండేళ్ల కిందట నేనూ, ఎదురు ఫ్లాటావిడా పన్నెండు బొంతలు మూటగట్టుకుని ఊరి చివర ఉన్న ఒక ఆశ్రమానికి ఆటోలో వెళ్లాం. ఇరవై ఆరు మంది పెద్దవాళ్లు, ఇద్దరు ఆయాలు. కూర్చోబెట్టి టీ ఇచ్చారు, బొంతలు పరిచి ఫొటో తీసుకున్నారు. ఒక ముసలావిడ అంచు తడిమి "వెంకటగిరిది కదూ?" అంది. నిజంగానే వెంకటగిరిదే. ఆ రోజు ఇద్దరం గాల్లో తేలుకుంటూ ఇంటికొచ్చాం.

మూడు నెలలాగి పుష్యమాసం చలిలో వెళ్తే ఒక్కరి ఒళ్లోనూ బొంత లేదు. అడగాలా వద్దా అని కాసేపు నాన్చి అడిగేశాను. ఆయా బీరువా తలుపు తీసింది. పన్నెండూ మేం మడిచిన మడత మడిచినట్టే ఉన్నాయి, కలరా ఉండల వాసనతో. "పాడైపోతాయని దాచాం అమ్మగారూ" అంది.

కోపం వచ్చిన మాట నిజం. ఆవిడ చెప్పింది విన్నాక తగ్గింది. పక్క తడిపేసేవాళ్లు అయిదారుగురు. రోజూ దుప్పట్లే ఇరవై దాకా ఉతకాలి. ఉన్నది ఇంట్లో వాడే రకం మెషీన్. అందులో బొంతలు రెండు వేస్తే డ్రమ్ము ఒక పక్కకి బరువెక్కి మెషీన్ మొత్తం దడదడలాడి జరిగిపోతుందట. చేత్తో పిండాలంటే ఇద్దరూ చెరో కొసా పట్టుకోవాలి, ఆ ఇద్దరూ అదే పని మీద ఉంటే లోపల పెద్దవాళ్లని చూసేదెవరు? నా దగ్గర జవాబు లేదు.

అలాగని ఆశ్రమాలకి ఇవ్వొద్దని కాదు. ఇస్తే మూడు పొరలకి మించకుండా కుట్టండి, దుప్పట్లతో పాటు ఉతికేయొచ్చు. మూల మీద దారంతో ఆ మనిషి పేరు కుట్టండి. పేరున్న బొంత బీరువాలోకి అంత తేలిగ్గా వెళ్లదు, ఉతుకులో మారిపోదు. ఆఫీసు గదిలో ఇచ్చి వచ్చేయకుండా వాళ్ల చేతికే ఇవ్వండి. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లకైతే పన్నా పక్కలకి వేలాడి చక్రంలో చిక్కుకోకుండా ఒక జానెడు తగ్గించాలి. అన్నిటికంటే ముందు ఫోన్ చేసి, బట్టలు ఎవరు ఉతుకుతారని అడగండి. చాకలికి వేస్తామంటే ఒక్కో దానికి ఎంత తీసుకుంటాడో కూడా అడగండి. ఆ ఖర్చు వాళ్లకి భారమైతే మన బొంత కూడా భారమే.

ఇక డయాలసిస్ సెంటర్. ఈ ఆలోచన పుణ్యం కోసం వచ్చింది కాదు. మా పిన్ని కొడుకుని కొన్నాళ్లు డయాలసిస్‌కి తీసుకెళ్లేదాన్ని. ఒక్కో విడత నాలుగు గంటలు, వారానికి రెండు మూడు సార్లు. ఒంట్లో రక్తం గొట్టాల్లోంచి బయటికి వచ్చి, యంత్రంలో శుభ్రపడి మళ్లీ లోపలికి వెళ్లాలి. ఆ దారిలో వేడి తగ్గుతుంది. దానికి తోడు గదంతా ఏసీ. బయట మే నెల ఎండకి తారు కరుగుతుంటే, లోపల మావాడు భుజం మీది తువ్వాలు కాళ్ల మీదకి లాక్కుని వణుకుతూ ఉండేవాడు. పక్క మంచం ఆయన కాళ్ల మీద గోనెసంచి చూశాను. అవును, బియ్యం గోనె.

ఇక్కడ ఉతుకు ప్రశ్న దానంతటదే తీరిపోతుంది. బొంత సెంటర్‌ది కాదు, ఆ మనిషిది. సంచీలో పెట్టుకుని వస్తాడు, పట్టుకుపోతాడు, ఇంట్లో ఉతుక్కుంటారు. మధ్యలో ఒకటి రెండు రోజుల విరామం ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆరుతుంది. అరకిలోయే కనుక బస్సులో మోసుకు రావడమూ కష్టం కాదు. ఏడాది పొడవునా వారం వారం వాడకం. మనం కుట్టిన బొంతకి ఇంతకంటే పని ఇంకెక్కడుంది?

కానీ ఇక్కడ తెలియక చేసే తప్పులు ప్రమాదం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకాయనకి చలేస్తోందని బొంత గొంతు దాకా కప్పబోయాను. టెక్నీషియన్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి లాగేశాడు. "ఆంటీ, ఫిస్టులా చెయ్యి కప్పకూడదు!" ఫిస్టులా అంటే డయాలసిస్ సూదుల కోసం చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం. సూదులు గుచ్చిన ఆ చెయ్యి ఎప్పుడూ కంటికి కనబడుతూ ఉండాలి. నిమిషానికి పావు లీటరు దాకా రక్తం ఆ గొట్టాల్లో తిరుగుతుంటుంది. సూది జారిపోతే బొంత కింద ఎంత పోయిందో తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. మెడ దగ్గర గొట్టం పెట్టించుకున్నవాళ్లకి ఆ చోటు కూడా అంతే. చిన్న బొంత ఇక్కడ పనికొచ్చేది కూడా ఇందుకే. పెద్దదైతే చేతులు లోపల పెట్టుకుని ముసుగు తన్నాలనిపిస్తుంది. ఇది నడుం నుంచి పాదాల దాకానే వస్తుంది. ఇచ్చేటప్పుడు ఆ మాట నోటితో చెప్పండి, ఇంట్లోవాళ్లకీ చెప్పండి.

రంగుల సంగతి కూడా అక్కడే తెలిసింది. సూది తీసేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా ఒక చుక్క పడుతుంది. లేత రంగులొద్దు. ముదురు నీలం, మెరూన్, గళ్లచీరలు మంచివి. మచ్చ పడితే చన్నీళ్లలో ఉతకమనండి, వేడినీళ్లు పోస్తే అది ఇక పోదు. కుట్టకముందే చీర రెండుసార్లు ఉతికి రంగు దిగుతుందేమో చూసుకోండి. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని మా అమ్మ నమ్మకం. నాకైతే ఏనాడూ ఆగలేదు.

లెక్క ఇంకో ముఖ్యమైన విషయం. పది మంచాలున్న గదిలోకి తొమ్మిది బొంతలతో వెళ్లకూడదు. నాలుగు గంటలపాటు తొమ్మిది మంది ఒళ్లో బొంత ఉండి, పదో మనిషి చూస్తూ పడుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందు రోజు వెళ్లి, ఏ బ్యాచ్‌లో ఎంతమందో నర్సుని అడిగి, ఆ లెక్కకి రెండు ఎక్కువ పట్టుకెళ్లండి. మేనేజర్ అనుమతి ఎలాగూ తీసుకోవాలి, కానీ అసలు సంగతులు తెలిసేది నర్సుకే.

ఆ రెండు ఎక్కువ ఎందుకో ఒక రోజు బాగా తెలిసింది. సోమ-బుధ-శుక్రవారాల ఉదయం బ్యాచ్. పది మందికి పన్నెండు పట్టుకెళ్లాను. ఒకాయన భార్య బొంత తీసుకుని, తిప్పి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "బతికున్నోల సీరేనా అమ్మా ఇది?"

అది మా అమ్మ చీర. అమ్మ పోయి నాలుగేళ్లు. ఆ మాట ఎదురుగా అడిగితే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఇంకోటి ఉంది, ఇది నా చీరే" అని గళ్లచీర బొంత ఇచ్చాను. ఆవిడ ముఖం తేలికపడింది. ఎదురు మంచం మీద రిటైరైన మేష్టారొకాయన అంతా విన్నట్టున్నారు. "అదిలా ఇవ్వండమ్మా, నాకా పట్టింపు లేదు" అని అమ్మ చీర బొంత తీసుకున్నారు. అప్పటి నుంచి పోయినవాళ్ల చీరలతో కుట్టినవి విడిగా పెడుతున్నాను, ముందే చెప్పి ఇస్తున్నాను. అంత జబ్బులో ఉన్నవాళ్లకి ఆ భయం ఉండటంలో వింతేముంది?

డయాలసిస్ సెంటర్ మీ దగ్గర్లో లేదనుకోకండి. కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం పెట్టాక జిల్లా ఆస్పత్రుల్లో కూడా వచ్చాయి. ఇక మా శ్రీకాకుళం వైపు సంగతి తెలిసిందే. ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. జీడితోటలూ కొబ్బరిచెట్లూ ఉన్న ఆ పచ్చటి నేలలో ఇంతమందికి ఎందుకొస్తోందో కచ్చితమైన కారణం ఇన్నేళ్లయినా తేలలేదు. అక్కడి కేంద్రాలకి పట్టుకెళ్లాలని నా కోరిక. కానీ వాళ్ల లెక్కకి సరిపడా కుట్టాలంటే మా ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అటువైపు వాళ్లెవరైనా ఉంటే కలిసి కుడదాం.

మిగతావి చకచకా చెప్పేస్తాను. క్యాన్సర్ ఆస్పత్రుల్లో కీమో ఎక్కించుకునేవాళ్లకీ చలేస్తుంది, వాళ్లూ బొంత ఇంటికి పట్టుకుపోతారు. కానీ వాళ్లకి ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ. డాక్టరు సరేనంటేనే, ఉతికి ఎండలో ఆరేసి కవర్లో పెట్టి ఇవ్వాలి. బాలింతల వార్డు అని చాలామంది అడిగారు. పసివాళ్ల కిందకి అయిదు పొరల బొంత దేనికండీ, గంటకోసారి తడుపుతారు, అది ఆరదు. రెండు పొరల పొత్తిగుడ్డలు కుట్టండి, సంతోషంగా తీసుకుంటారు. ఏజెన్సీ హాస్టళ్లకి పంపుతామనే వాళ్లకి ఒకటే మాట. లంబసింగి చలికి ఈ ఒడి బొంత ఏ మూలకి? అక్కడికి రగ్గులు కొని పంపండి. అంగన్‌వాడీలో పిల్లలు మధ్యాహ్నం పడుకునేటప్పుడు కిందకి పరచడానికి బావుంటాయి. ఉతుకు భారం ఆయా మీద పడకుండా మీరే నెలకోసారి తెచ్చి ఉతికిస్తారా చెప్పండి, మరి.

గూంజ్ సంస్థకి పంపొచ్చా అని అడిగారు. పంపొచ్చు, 1999 నుంచి పాత బట్టలు పోగుచేసి అవసరమైన ఊళ్లకి చేరుస్తున్నవాళ్లు, ఎక్కడ ఏది కావాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. ఎవరి ఒళ్లోకి వెళ్లిందో మనకి తెలియదు, అంతే. నాకు తెలుసుకోవాలని ఉంటుంది. అది నా బలహీనత.

అమెరికాలో ఉన్నవాళ్లూ ఇద్దరు ముగ్గురు అడిగారు. పిల్లల కోసమైతే 1995లో మొదలైన ప్రాజెక్ట్ లైనస్ ఉంది. సైనికుల కోసం క్విల్ట్స్ ఆఫ్ వేలర్ ఉంది గానీ వాళ్లు అడిగే కొలత కనీసం 55 అంగుళాల వెడల్పు, 65 అంగుళాల పొడవు, మన చిన్న బొంత సరిపోదు. అక్కడి నర్సింగ్ హోమ్‌లకి ఇస్తే ముందు మీ మెషీన్లో, డ్రయ్యర్లో బాగా వేడి మీద ఒకసారి వేసి చూడండి. చీర రంగు దిగితే పక్కవాళ్ల తెల్లబట్టలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి.

మచ్చలు పడ్డవీ, అతుకులు సరిగ్గా కుదరనివీ మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దగ్గరున్న కుక్కపిల్లలకి వెళ్లాయి. అవి ఏ పట్టింపూ లేకుండా పడుకుంటున్నాయి.

ఆశ్రమంలో ఉన్న పన్నెండులో నాలుగు తిరిగి అడిగి తెచ్చుకుని, రెండేసి పొరలు విప్పేసి, పేర్లు కుట్టి మళ్లీ ఇచ్చాను. ఆ నాలుగూ ఇప్పుడు వాడకంలో ఉన్నాయి. మిగిలిన ఎనిమిదీ విప్పాలి. ఇటు మంగళ-గురు-శనివారాల బ్యాచ్‌కి పదకొండు మంది అని నర్సు చెప్పింది, అంటే పదమూడు కావాలి. నా దగ్గర ఏడున్నాయి. ముదురు రంగు పాత నేతచీరలు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వచ్చి తీసుకెళ్తాను. ఎవరి చీరో కూడా చెప్పాలి సుమా.