రీస్టార్ట్ అయినా డివైస్‌లను మరిచిపోని ఎమ్‌డెవ్‌సీటీఎల్

నేను చూసుకునే సర్వర్‌లో ఒక టెస్లా టీ4 గ్రాఫిక్స్ కార్డు ఉంది. దాని 16 జీబీ మెమరీని నాలుగు భాగాలు చేసి, భాగానికి 4 జీబీ చొప్పున నాలుగు వర్చువల్ మెషీన్లకు పంచాం. మా డిజైనర్లు రోజంతా వాటి మీదే పని చేస్తారు. ఒక శనివారం రాత్రి కెర్నెల్ అప్‌డేట్ చేసి సర్వర్‌ను రీస్టార్ట్ చేశాను. సర్వర్ లేచింది కానీ నాలుగు మెషీన్లలో ఒక్కటీ లేవలేదు. నాలుగింటికీ ఒకటే ఎర్రర్: మీడియేటెడ్ డివైస్ (కార్డులో ఆ మెషీన్‌కు ఇచ్చిన భాగం) కనబడలేదని.

కార్డును ఇలా మీడియేటెడ్ డివైస్‌లుగా పంచే ఎమ్‌డెవ్ ఏర్పాటు లైనక్స్ కెర్నెల్ 4.10తో 2017లో వచ్చింది. సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన డివైస్‌లను ఫైళ్లలా చూపే చోటు) 'క్రియేట్' అనే ఫైలులోకి ఒక యూయూఐడీ (డివైస్‌కు గుర్తుగా ఉండే ప్రత్యేక నంబరు) రాస్తే డివైస్ తయారవుతుంది. సర్వర్ ఆగితే అది కూడా పోతుంది. వర్చువల్ మెషీన్ సెట్టింగుల్లో మాత్రం ఆ యూయూఐడీ అలాగే ఉంటుంది కాబట్టి, ప్రతి రీస్టార్ట్ తర్వాత సరిగ్గా అదే నంబరుతో డివైస్‌ను మళ్లీ తయారు చేయాలి. మేం అందుకోసం ఒక షెల్ స్క్రిప్టు రాసుకున్నాం. ఆ శనివారం, కార్డు డ్రైవర్ సిద్ధం కాకముందే ఆ స్క్రిప్టు నడిచేసింది. రాత్రికి నాలుగింటినీ చేత్తో తయారు చేసి, మర్నాడే ఈ డివైస్‌ల వివరాలు గుర్తుంచుకుని మళ్లీ తయారుచేసే ఎమ్‌డెవ్‌సీటీఎల్ అనే కమాండ్ టూల్‌కి మారాను. ఏడాది దాటింది, ఆ టెన్షన్ మళ్లీ రాలేదు.

మారడం పది నిమిషాల పని. అప్పటికే నడుస్తున్న డివైస్ యూయూఐడీ ఇచ్చి 'డిఫైన్' అంటే చాలు, దాని వివరాలు తనే చదివి భద్రపరుస్తుంది. వర్చువల్ మెషీన్లను ఆపాల్సిన పని కూడా లేదు. ఇక్కడే ఒక మెలిక ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. డిఫైన్ చేసినంత మాత్రాన రీస్టార్ట్ తర్వాత డివైస్ దానంతటదే రాదు. మనం ఏమీ చెప్పకపోతే 'మాన్యువల్' అని రాసుకుంటుంది. 'మాడిఫై'తో 'ఆటో' పెట్టాలి. 'స్టార్ట్' సంగతి ఇంకోటి: డిఫైన్ లేకుండా నేరుగా స్టార్ట్ చేస్తే డివైస్ పుడుతుంది, పని చేస్తుంది, రీస్టార్ట్‌తో పోతుంది. అందుకే ఏ మార్పు చేసినా చివర్లో 'లిస్ట్'ని డిఫైన్డ్ ఆప్షన్‌తో నడిపి, ప్రతి వరుసలో ఆటో అని ఉందో లేదో కళ్లారా చూసుకుంటాను.

ఆటో పెట్టాక పని యూడెవ్ (డివైస్‌లు సిద్ధమైనప్పుడు చేయాల్సిన పనులు చూసే లైనక్స్ భాగం) చేతిలోకి వెళ్తుంది. కార్డు డ్రైవర్ నేను సిద్ధం అని చెప్పినప్పుడే డివైస్‌లు తయారవుతాయి. మా స్క్రిప్టు చేయలేకపోయింది సరిగ్గా ఇదే.

నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది, తన దగ్గరున్న సమాచారాన్ని దాచుకునే తీరు. డేటాబేస్ లేదు, వెనకాల ఎప్పుడూ నడిచే సర్వీసు లేదు. ఈటీసీ కింద ఎమ్‌డెవ్‌సీటీఎల్ డాట్ డి అనే ఫోల్డర్, అందులో కార్డు పీసీఐ అడ్రసు (సర్వర్‌లో కార్డు ఎక్కడుందో చెప్పే గుర్తు) పేరుతో ఒక ఫోల్డర్, దానిలో డివైస్‌కొక చిన్న జేసన్ ఫైలు. టైపు, ఆటోనా మాన్యువలా, అదనపు ఆట్రిబ్యూట్లు, అంతే. ఒకసారి కార్డును వేరే స్లాట్‌లోకి మార్చాల్సి వచ్చింది. పీసీఐ అడ్రసు మారడంతో నాలుగు డివైస్‌లూ రాలేదు. పాత అడ్రసు పేరుతో ఉన్న ఫోల్డర్‌కు కొత్త అడ్రసు పేరు పెట్టి మళ్లీ స్టార్ట్ చేశాను, అన్నీ పాత యూయూఐడీలతోనే వచ్చేశాయి. సమాచారం మనిషి చదవగలిగే ఫైళ్లలో ఉండబట్టే అది రెండు నిమిషాల్లో తేలింది.

లోపాలూ ఉన్నాయి. డివైస్‌లకు మనకు అర్థమయ్యే పేరు పెట్టే వీలు లేదు. లిస్ట్ నిండా 36 అక్షరాల యూయూఐడీలే. ఏది ఎవరి మెషీన్‌దో తెలియడానికి నేను విడిగా ఒక టెక్స్ట్ ఫైలు నిర్వహిస్తున్నాను. ఒక్క వివరణ వరుసకు చోటిస్తే ఆ అవసరమే ఉండదు.

రెండోది, కార్డులో చోటుందా లేదా అని డిఫైన్ చూడదు. నాలుగే పట్టే కార్డు మీద ఐదోది డిఫైన్ చేస్తే మారు మాట లేకుండా ఒప్పుకుంది. స్టార్ట్ చేసేటప్పుడు గానీ ఖాళీ లేదని చెప్పలేదు. టీ4 మీద ఒకసారి 4 జీబీ సైజుతో మొదలుపెడితే వేరే సైజులకు ఖాళీ సున్నా అయిపోతుంది కూడా. ముందుగా 'టైప్స్' నడిపి 'అవైలబుల్ ఇన్‌స్టాన్సెస్' అనే వరుస చూసుకోవడం అలవాటు చేసుకోండి.

చేతిలో కార్డు లేకుండా నేర్చుకోవాలనుకునేవాళ్లకు కెర్నెల్ సోర్సులో ఎమ్‌టీటీవై అనే శాంపిల్ డ్రైవర్ ఉంది. అది ఉత్తుత్తి సీరియల్ పోర్టులు ఇస్తుంది. మా జట్టులో కొత్తగా చేరినవాళ్లకు ముందు దాని మీదే డిఫైన్, స్టార్ట్, స్టాప్ చేయిస్తాను. తప్పు చేసినా ఎవరి పనీ ఆగదు.

వర్చువల్ మెషీన్లను లిబ్‌వర్ట్ అనే నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో నడిపేవాళ్లు, కొత్త వెర్షన్లలో దాని విర్ష్ నోడ్‌డెవ్ కమాండ్లతోనే ఇదంతా చేసుకోవచ్చు. లోపల పని చేసేది ఎమ్‌డెవ్‌సీటీఎలే. నేను మాత్రం నేరుగా దీన్నే వాడతాను, ఎర్రర్ ఎక్కడిదో వెతకడం తేలిక.

కొత్త కార్డు కొనేముందు ఒక్క సంగతి చూసుకోండి. ఎస్ఆర్-ఐఓవీతో (కార్డు హార్డ్‌వేర్ తనను తానే భాగాలుగా చూపే పద్ధతి) పనిచేసే ఎన్విడియా కొత్త కార్డులకు ఉబుంటు 24.04లో డ్రైవర్ ఎమ్‌డెవ్‌ను వదిలేసి సొంత వీఎఫ్ఐఓ (డివైస్‌ను వర్చువల్ మెషీన్‌కు అందించే కెర్నెల్ ఏర్పాటు) పద్ధతికి మారింది. అలాంటి చోట 'టైప్స్' నడిపితే ఖాళీగా వస్తుంది, ఈ టూల్‌తో చేయగలిగింది ఏమీ ఉండదు. మా టీ4 ఉన్నన్నాళ్లూ మాత్రం నేను దీన్ని మార్చను.