చేతుల మీద ఎండ మచ్చలు: లేజరా, క్రీమా?

ఏళ్ల తరబడి ఎండలో బండి నడిపితే ముఖం కన్నా ముందు చేతులే వయసు చెప్పేస్తాయి.

ఖర్చు: లేజర్ సిట్టింగ్‌కు వేలల్లో, పైగా ఒక్కదానితో చాలాసార్లు తేలదు. ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం క్రీమ్) ట్యూబ్ వందల్లోనే.

ఓపిక: లేజర్‌తో మచ్చ వారాల్లో పలచబడొచ్చు. క్రీమ్ అయితే రాత్రిపూట రాస్తూ నెలల తరబడి ఆగాలి.

రిస్క్: అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. మన చామనఛాయ చర్మం లేజర్ వేడికి ఉన్న మచ్చ పోకపోగా ఇంకా నల్లగా మారే ప్రమాదం ఉంది, అందులోనూ చేతుల వెనక నూనె గ్రంథులు తక్కువ కాబట్టి ముఖం కన్నా మెల్లగా మానుతుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ మన రంగుకు కొంత సురక్షితం, అయినా ముందు చిన్న చోట టెస్ట్ చేయమని గట్టిగా అడగండి. క్రీమ్‌తో పొడిబారడం, మంట మామూలే. గర్భిణులు మాత్రం వాడొద్దు.

నాలుగైదు ముదురు మచ్చలే ఉండి, కొన్ని వారాలు ఎండ తప్పించుకోగలిగితే లేజర్ మంచిది. చేయంతా గరుకుగా మారినా, రోజూ ఎండలో తిరగక తప్పకపోయినా క్రీమే నయం, పగలు సన్‌స్క్రీన్ రాసి, చేతులు కడిగిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. మచ్చ పెరుగుతున్నా, రక్తం కారుతున్నా రెండూ పక్కన పెట్టి ముందు చర్మవైద్యులకు చూపించండి.