స్విఫ్ట్ కోసం సాలూరులో కట్టించిన 16 అడుగుల క్లోజ్డ్ ట్రైలర్: రెండేళ్ళు లాగాక

విజయనగరంలో మాది టైర్ల షాపు. నా దగ్గర 2008 స్విఫ్ట్ ఉంది, 1.3 పెట్రోలు. సీట్లు, కార్పెట్లు పీకేసి, లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనుప గొట్టాల చట్రం) వెల్డింగ్ చేయించి, సస్పెన్షన్ కిందికి దించి, పూర్తిగా రేస్ ట్రాక్ కోసమే తయారుచేసుకున్నాను. ఏడాదికి నాలుగైదు సార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి తీసుకెళ్తాను. 1990 నుంచి ఉన్న ట్రాకు అది, ఒక ల్యాపు, అంటే ఒక చుట్టు, 3.7 కిలోమీటర్లు. మా ఊరి నుంచి అక్కడికి దాదాపు 850 కిలోమీటర్లు. ఆ 3.7 కిలోమీటర్ల మీద ఎంత జాగ్రత్త పెడతామో, ఈ 850 మీద కూడా అంతే పెట్టాలని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

మొదట్లో 17 అడుగుల కంటైనర్ లారీ కిరాయికి మాట్లాడుకునేదాన్ని. రానూ పోనూ 70 వేలు. డబ్బుల మాట పక్కన పెట్టినా, కారు ఎక్కించడమే పెద్ద పని. లారీ ఫ్లోరు నడుము ఎత్తులో ఉంటుంది. మా షాపు దగ్గర ర్యాంపు లేదు కాబట్టి ఊరి బయట ఒక మట్టిదిబ్బకి లారీని వెనక్కి ఆనించి, మధ్యలో పలకలు వేసి ఎక్కించేవాళ్ళం. లోపలికి వెళ్ళాక డోరు తెరుచుకోదు. కేజ్ అడ్డం కాబట్టి వెనక్కి పాక్కుంటూ వచ్చే దారి కూడా లేదు. కిటికీలోంచి దూరి బయటపడేదాన్ని. రెండోసారి డ్రైవరు బెల్టుని ముందు చక్రం లోయర్ ఆర్మ్‌కి, అంటే చక్రాన్ని కింద పట్టి ఉంచే ఇనుప చేతికి, బిగించి కట్టాడు. చెన్నైలో దింపి అలైన్‌మెంట్ చూస్తే ఆర్మ్ వంగి ఉంది. శనివారం ప్రాక్టీసు మొత్తం పోయింది. ఆ రాత్రి పిట్ గ్యారేజీలో కూర్చుని, ఇంక సొంత ట్రైలరే అని నాన్నకి ఫోన్ చేసి చెప్పాను.

ఓపెన్ ట్రైలర్ అయితే సగం ఖర్చులో అయిపోతుంది. కానీ మనది సముద్రం గాలి తగిలే హైవే. వానాకాలంలో వెళ్తే దారి పొడుగునా లారీలు చిమ్మే బురద నీళ్ళు మీద పడుతూనే ఉంటాయి. రాత్రి దాబా దగ్గర ఆపితే కారు చుట్టూ జనం చేరతారు. టైర్లు, పనిముట్లు కూడా అందులోనే ఉంటాయి, తాళం వేయకుండా నిద్ర పట్టదు. అందుకే క్లోజ్డ్ అనుకున్నాను. ఎంత సైజు అన్న దగ్గరే మూడు నెలలు గడిచాయి.

మొదట అడిగిన వెల్డింగ్ షాపులో కారు పొడుగు విని, 14 అడుగులు చాలన్నారు. లెక్క ప్రకారం నిజమే. స్విఫ్ట్ పొడుగు 3695 మిల్లీమీటర్లు, అంటే 12 అడుగుల ఒకటిన్నర అంగుళం. వెడల్పు 1690, అద్దాలు కాకుండా ఐదున్నర అడుగుల పైన అర అంగుళం. 14 అడుగుల్లో కారు పట్టి ఇంకా 22 అంగుళాలు మిగులుతుంది. ఇంకొకరు 20 అడుగులు వేసేయమన్నారు, రేపు పెద్ద కారు కొంటే పనికొస్తుందట.

మా మావయ్యది సాలూరు. ముప్పై ఏళ్ళు ఘాట్‌లో లారీలు తిప్పిన మనిషి. లారీ అంటే సాలూరు, సాలూరు అంటే లారీ అని మన పక్క అందరికీ తెలుసు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, బాడీ కట్టించాలంటే మాకు ఇప్పటికీ అదే దారి: గజపతినగరం, రామభద్రపురం మీదుగా. మావయ్య తనకి తెలిసిన బాడీ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా కాగితం చూసి ఒక్కటే అడిగారు:

"కారైతే పడతాది తల్లీ. మరి నువ్వెలా దిగతావు?"

నేను అప్పటిదాకా కొలిచింది కారుని. ఆయన కొలవమన్నది నన్ను.

ఇంటికొచ్చి షాపు ముందున్న సిమెంటు గచ్చు మీద ముగ్గుపిండితో మూడు పెట్టెలు గీశాను. 14, 16, 20 అడుగులు. మూడింటికీ వెడల్పు ఏడు అడుగులే. అమ్మ పక్కన నిలబడి గీతలు సరిచేసింది. నాలుగు మూలలా గెడలు పాతి, తాడు కట్టి, కారుని ఒక్కోదాంట్లోకి తోలి చూశాను. ట్రైలర్ కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈ పని చేయండి. ఖర్చు పది రూపాయల ముగ్గుపిండి.

ఆ గచ్చు మీద తెలిసింది ఇది. ఏడు అడుగులంటే 84 అంగుళాలు. కారు 66 అంగుళాల పైన. సరిగ్గా మధ్యలో నిలబెడితే అటూ ఇటూ తొమ్మిది అంగుళాల లోపే మిగులుతుంది. ఆ సందులో డోరు తీసి దిగడం ఎవరివల్లా కాదు. పెట్టె పొడుగు పెంచినా ఇందులో మార్పు రాదు, 20 అడుగుల పెట్టెలో కూడా నేను కిటికీలోంచే రావాలి. వెడల్పు పెంచుదామంటే మన రోడ్ల మీద, టోల్ గేట్ల దగ్గర వెనకాల అంత పెద్ద గది లాగడం నాకు ఇష్టం లేదు. మేస్త్రి గారు చెప్పిన ఉపాయం ఏమిటంటే, డ్రైవరు వైపు గోడకే ఒక తలుపు. నాలుగున్నర అడుగుల పొడుగు, పైకి లేచే తలుపు. కారు లోపలికి వెళ్ళి ఆగాక బయటి నుంచి నాన్న ఆ తలుపు ఎత్తితే, కారు డోరు గోడలోంచి బయటికి తెరుచుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ట్రైలర్ చక్రాలు సరిగ్గా ఆ డోరు కిందికే వస్తాయి. చక్రాల మీద కట్టే పెట్టెలు లోపలికి నాలుగేసి అంగుళాలు పొడుచుకొస్తాయి, అంటే రెండు పెట్టెల మధ్య 76 అంగుళాలు. ఆ పెట్టె ఎత్తు కారు డోరు కింది అంచు కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే గోడకి తలుపున్నా డోరు పెట్టెకి కొట్టుకుంటుంది. నా కారు కిందికి దించినది కాబట్టి డోరు కింది అంచు నేల నుంచి 10 అంగుళాలే. అందుకని 13 అంగుళాల రిమ్ముల చిన్న చక్రాలు వేసి, పెట్టె 8 అంగుళాల్లో ముగించారు. రెండు అంగుళాల ఖాళీ. ఈ కొలత ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

పొడుగు సంగతికొస్తే, 16 అడుగులు ఎంచుకున్నాను. కారు పోగా 46 అంగుళాలు మిగులుతుంది. ఒక సెట్టు టైర్లు, జాకీ, టూల్ బాక్సు, పెట్రోలు లేని ఖాళీ క్యానులు పెట్టుకోవడానికి చాలనుకున్నాను. ఆ మిగులు అసలు పని వేరే అని మొదటి ప్రయాణంలోనే తెలిసింది.

తుని దాటాక 80 మీద వెళ్తున్నాం. పక్కనుంచి బస్సు ఒకటి వేగంగా దాటి వెళ్ళింది. వెనక ట్రైలర్ ఊగడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం, ట్రైలర్‌ని లాగే మా పికప్, ఇసుజు వి-క్రాస్, వెనక భాగాన్ని పట్టి ఊపేసినట్టు. బ్రేకు గట్టిగా తొక్కకుండా స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలేశాను. స్పీడు తగ్గాక సర్దుకుంది. అన్నవరం దగ్గర పక్కకి ఆపాం. నాన్న కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుని, "కాటా ఎక్కడుందో చూద్దాం పద" అన్నారు.

వే బ్రిడ్జి దొరికింది. మొత్తం ట్రైలర్ 2300 కిలోలు: ఖాళీ ట్రైలర్ 1150, కారు 900, మిగతాది సామాను. తర్వాత ట్రైలర్ విప్పి, ముందున్న జాకీ చక్రం ఒక్కటే కాటా మీద ఆనేలా నిలబెట్టాం. 180 కిలోలు. అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే కొక్కెం మీద పడే బరువు మొత్తంలో ఎనిమిది శాతం కూడా లేదు. అది పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండాలి. తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది, మరీ ఎక్కువైతే లాగే బండి వెనక కుంగి ముందు చక్రాలు తేలికవుతాయి. నేను ముందు వైపు నడవడానికి దారి వదిలి కారుని వెనక్కి నిలబెట్టాను, తప్పు అదే. కారుని 15 అంగుళాలు ముందుకు జరిపాం. మళ్ళీ తూస్తే 265. అక్కడి నుంచి చెన్నై దాకా బస్సులు, లారీలు ఎన్ని దాటినా ట్రైలర్ వెనకాల బుద్ధిగా వచ్చింది.

14 అడుగుల పెట్టె తీసుకుని ఉంటే, ముందు టైర్లు పేర్చాక కారు జరపడానికి చోటే ఉండేది కాదు. ట్రైలర్‌లో మిగులు చోటు సామాన్ల కన్నా ముందు కారుని ముందుకీ వెనక్కీ జరుపుకోడానికి కావాలి. అలాగని 20 అడుగులు వేస్తే ఖాళీ బరువే ఇంకో మూడొందలు పెరుగుతుంది, పక్క గాలికి తగిలే గోడ కూడా పెరుగుతుంది. ట్రైలర్‌ని లాగే మీ బండి మాన్యువల్‌లో ఎంత లాగొచ్చని రాశారో అది ముందు చదివి, అందులోంచి కారు, సామాను తీసేస్తే, మిగిలిందే మీ ట్రైలర్ బరువు. రేపు కొనబోయే కారు కోసం ఇవాళ బరువు మోయకండి.

తర్వాత నెల మళ్ళీ సాలూరు వెళ్ళి టైర్ల స్టాండు నేల మీంచి తీసేయించి, ముందు గోడకి మూడున్నర అడుగుల ఎత్తులో వేయించాను. ఇప్పుడు కారు బానెట్టు ఆ టైర్ల కిందికి వెళ్తుంది. ఇది మావయ్య ఆలోచన. లారీ క్యాబిన్ మీద సామాను పెట్టుకునే అలవాటులోంచి వచ్చింది.

ర్యాంపు గురించి కొంచెం. వెనక తలుపే కిందికి పడి ర్యాంపు అవుతుంది. ఫ్లోరు ఎత్తు 20 అంగుళాలు, తలుపు 78. ఆ వాలు 15 డిగ్రీలు వచ్చి, నా ముందు బంపరు కింది పెదవి నేలకి గీసుకుంది. చివర రెండడుగుల మడత రేకు కలిపించాక 11 డిగ్రీలకి తగ్గింది, అయినా రెండు చెక్క పలకలు వేసుకునే ఎక్కిస్తాను. కిందికి దించిన కారున్న వాళ్ళు ఈ రేకు మొదట్లోనే అడగండి. ఎక్కించేది ఇంజినుతో కాదు, 12 వోల్టుల వించ్‌తో, అంటే తాడు చుట్టుకుంటూ లాగే మోటారుతో. నేను స్టీరింగ్ పట్టుకుంటే చాలు. కట్టడం మాత్రం నాలుగు చక్రాల మీదుగా వేసే బెల్టులతోనే. బెల్టు బిగించే రింగుల్ని ప్లైవుడ్డుకి బోల్టు కొట్టకుండా కింద ఛాసిస్ అడ్డపట్టీలకే వెల్డింగ్ చేశారు. ఈ ఒక్క విషయంలో మేస్త్రి గారు నా మాట అడగనైనా అడగలేదు, ఆయనకి అది అడగాల్సిన సంగతే కాదు.

పని నాణ్యత నాకు బాగా నచ్చింది. కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు), వెల్డింగులు, చెకర్ ప్లేటు కింద వేసిన ప్లై, రెండేళ్ళలో ఒక్కటీ కదల్లేదు. ట్రైలర్ బ్రేకులేమో, లాగే బండి ఆగినప్పుడు కొక్కెం లోపలికి నొక్కుకుని వాటంతటవే పడే రకం. నచ్చనివి రెండు. ఐదు వారాల్లో ఇస్తామన్నది పదకొండు వారాలు పట్టింది, మధ్యలో సంక్రాంతి వచ్చింది. మొదటి పెద్ద వానకి పక్క తలుపు కీళ్ళ దగ్గర నీళ్ళు కారి కారు లోపలికి వచ్చాయి. చెప్పగానే రబ్బరు మార్చి, పైన చూరు లాంటి రేకు వేసి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. మొత్తం 4 లక్షల 30 వేలయింది. రిజిస్ట్రేషన్ వేరు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి సొంత నంబరు ఉండాలి. ఆ కాగితాల సంగతి పని మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.

నేను మళ్ళీ కట్టిస్తే మార్చేది ఎత్తు. లోపల నిలబడాలని ఆరున్నర అడుగులు వేయించాను. నేను ఐదడుగుల నాలుగు అంగుళాలు. కారు ఐదడుగులు కూడా లేదు. ఆరు అడుగులు చాలు, ఆ అర అడుగు గాలికి ఎదురు నిలబడి డీజిలు తాగుతోంది. ఎక్కించి లాగితే లీటరుకి ఏడు కిలోమీటర్లు దాటడం లేదు. గాలి ఆడటానికి కింద ఒకటి, పైన ఒకటి జాలీలు కూడా మొదటే పెట్టించాల్సింది. మే నెలలో తలుపు తీస్తే పెట్రోలు వాసన మొహానికి కొట్టింది. ఇప్పుడు ట్యాంకు పావు వంతుకి దించాకే ఎక్కిస్తున్నాను, జాలీలకి వచ్చే నెల సాలూరు వెళ్ళాలి.

పోలో ఉన్నవాళ్ళకి, అది 3971 మిల్లీమీటర్లు, ఇదే 16 అడుగులు సరిపోతుంది, జరుపుకోడానికి మూడు అడుగుల చోటు ఉంటుంది. పాత ఎస్టీమ్ 4095, అది కూడా పడుతుంది గానీ టైర్లు గోడకి ఎక్కించక తప్పదు. వెంటో లాంటి 4384 కారు అయితే 18 అడుగులకి వెళ్ళండి. మారుతీ 800 వాళ్ళు నిశ్చింతగా 14 కట్టించుకోవచ్చు, ఆ కారు 3335 మాత్రమే.

అన్నవరంలో కాటా మీద తూచిన రోజు కారు ముందు చక్రం ఎక్కడ ఆగిందో నాన్న సుద్దముక్కతో గీత పెట్టారు. ఇంటికొచ్చాక ఆ గీత మీద పసుపు పెయింటు వేశాను. చక్రం గీత మీదికి రాగానే వించ్ ఆపుతాను, నాన్న బయటి నుంచి పక్క తలుపు ఎత్తుతారు.